సామానున్నవాడూ ప్రయాణికుడే

“చేతులూపుకుంటూ వెళ్లేవాడు ఎలా వెళ్లినా సరే, సామాను ఉంటే మాత్రం కారు తప్పదు.” హైదరాబాదులో ఒక పూట బసచేసి విమానమెక్కబోయే మనిషికి బంధువులు, మిత్రులు, హోటలు గుమస్తాలు, చివరకు లిఫ్టు దగ్గర నిలబడ్డ కుర్రవాడు కూడా చెప్పే మాట ఇది. చెప్పేవారికి సందేహం లేదు. వినేవారికి ఎదురుప్రశ్న లేదు. ఇంత ఏకగ్రీవంగా చెలామణి అయ్యే మాటను ఒకసారి గీటురాయి మీద గీసి చూడాలనిపించడం, ముప్పైయేళ్లు పైబడి తెలుగు పాఠాలు చెప్పినవాడికి పట్టిన వృత్తిలక్షణం. గీసి చూశాను. పైపూత తప్ప లోన బంగారం కనబడలేదు.

నా ప్రతిపాదన ఇది. బస్సు, రైలు వంటి ప్రజారవాణా అవసరం చేతులూపుకుంటూ వెళ్లేవాడికంటె సామాను మోసేవాడికే ఎక్కువ. వాడిని “నీకు కారే గతి” అని పక్కకు నెట్టివేసిన నగరం, తాను చేయవలసిన పనిని వాడి జేబు మీదికి నెట్టింది. ఈ మాటను మనమూ పదేపదే వల్లించడం వల్ల ఆ నగరానికి సిగ్గు లేకుండా పోతున్నది. కనుక మిత్రులారా, ఈ వ్యాసం కొంచెం కటువుగా ఉంటుంది. ఓపిక పట్టండి.

మొదట భాషతో మొదలుపెడతాను. నాకు తెలిసిన విద్య అదే కనుక. తెలుగువాడి ప్రయాణాన్ని వర్ణించే జంటపదాలు చూడండి: పెట్టేబేడా, మూటాముల్లె, తట్టాబుట్టా. ఒక్క మాటతో సరిపోక జంటగా చెప్పుకున్నాం. అంటే ప్రయాణికుడనగానే సామాను కూడా ఉంటుందని మన భాష ఏనాడో ఒప్పుకున్నది. సామాను లేని ప్రయాణికుడే మనకు వింత. నా చిన్నతనంలో మా ఊరి ఎర్రబస్సుకు వెనుక ఇనుపనిచ్చెన ఉండేది. ధాన్యపు మూట, మామిడికాయల బుట్ట, పెళ్లివారి ట్రంకుపెట్టె, ఒక్కోసారి మేకపిల్ల కూడా ఆ నిచ్చెన ఎక్కి పైకి చేరేవి. “సామాను ఉన్నది కదా, బస్సెందుకు?” అని ఆనాడు ఎవరూ అడగలేదు. సామాను ఉన్నది కనుకనే బస్సు అనుకునేవాళ్లం. ఈ న్యాయం తలకిందులైంది ఎప్పుడు? చేతిలో సంచీ బరువు మారలేదు. మారినది ఆ సంచీ చేరవలసిన చోటు.

2008 మార్చి దాకా హైదరాబాదు విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. నగరం నడిబొడ్డు. పక్కనే పెద్దరోడ్డు, నిమిషానికొక సిటీబస్సు. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ రైలుకు బేగంపేటలోనే స్టేషను. ఆటోవాడితో రెండు నిమిషాలు బేరమాడితే పని జరిగిపోయేది. 2008 మార్చి 23న శంషాబాదులో కొత్త విమానాశ్రయం ప్రారంభమైంది. ప్రయాణికుల విమానాలన్నీ అక్కడికి తరలిపోయాయి. నగరానికి దక్షిణంగా 24 కిలోమీటర్లు. సికిందరాబాదు వైపు దిగినవాడికి 30 దాటుతుంది. విమానాశ్రయం పెద్దది, అందమైనది, అవసరమైనది. నాకు దానితో తగవు లేదు. తగవల్లా దానికి వెళ్లే దారితోనే.

విమానాశ్రయం కదిలింది, దాని వెంట ఏమి కదిలింది? మొదట కదిలినది వంతెన. 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుండి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు.  కార్లకు మాత్రం రాజమార్గం. ఇక రైలు సంగతి. మెట్రో 2017 నవంబరులో మియాపూర్–నాగోల్ మధ్య మొదలై, 2019 నవంబరుకు రాయదుర్గం చేరింది. శంషాబాదు చేరలేదు. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుండి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు, 6,250 కోట్ల అంచనాతో శంకుస్థాపన జరిగింది. సరిగ్గా ఏడాదికి ప్రభుత్వం మారింది; ఆ దారి పక్కకు పోయింది. నాగోలు, ఎల్బీనగరు, చాంద్రాయణగుట్టల మీదుగా ఇంకొక దారి 2024లో ప్రతిపాదనకు ఎక్కింది. ఎంఎంటీఎస్ రైలు 2023 ఏప్రిల్‌లో శంషాబాదు పొరుగున ఉన్న ఉందానగర్ దాకా వచ్చి, విమానాల చప్పుడు వింటూ అక్కడే ఆగిపోయింది.

విభక్తులు చదువుకున్న పిల్లవాడు కూడా దీనిని ఇలా అన్వయిస్తాడు. చేతన్, చేన్, తోడన్, తోన్ – తృతీయ. కొఱకున్, కై – చతుర్థి. ప్రజల సొమ్ముతోన్, కార్ల కొఱకున్. ఖర్చు పెట్టేవాడు తృతీయలో ఉన్నాడు, ఫలం అనుభవించేవాడు చతుర్థిలో ఉన్నాడు, ఇద్దరూ ఒకరు కారు. వ్యాకరణం ప్రకారం వాక్యం నిర్దుష్టం. న్యాయం ప్రకారం దోషభూయిష్టం.

రైలు లేని ఈ పదిహేడు పద్దెనిమిదేళ్లలో సామాన్యుడి మాట దక్కించినది ఒక్క ఆర్టీసీ. దాని ఎయిర్‌పోర్టు బస్సులకు పుష్పక్ అని పేరు పెట్టిన అజ్ఞాత మహానుభావుడెవరో గాని, ఆయనకు ఒక తెలుగు పండితుడి నమస్కారం. పుష్పకానికి మన పెద్దలు చెప్పే గుణం ఏమిటి? ఎందరెక్కినా ఇంకొకరికి చోటుండటం. ఆ విమానం కుబేరుడిది. రావణుడు బలవంతంగా లాక్కున్నాడు. రావణవధ తరువాత అది రాముడిని అయోధ్యకు చేర్చింది. దంపతులిద్దరూ ఏకాంతంగా ఎగిరిపోయారా? లేదు. విభీషణుడు, సుగ్రీవుడు, వానరసేన అందరూ ఎక్కారు. దారిలో కిష్కింధ దగ్గర ఆపించి, సీతమ్మ కోరిక మీద తారను, వానరస్త్రీలను కూడా ఎక్కించుకున్నారు. వాల్మీకంలోనే ఉన్న ముచ్చట ఇది. స్టాపులో ఆగి జనాన్ని ఎక్కించుకున్న మొట్టమొదటి విమానం పుష్పకమే. కుబేరుడి చేతిలో అది ఐశ్వర్యం, రావణుడి చేతిలో అహంకారం, రాముడి చేతికి వచ్చాక ప్రజారవాణా. మన నగరాలు ఎవరి మార్గం పట్టాయో మీరే ఆలోచించండి.

ఇక ప్రతిపక్షం వారి వాదాలు ఒక్కొక్కటే తీసుకుంటాను. అవి మూడు: కారు అయితే త్వరగా వెళ్తాము, కారు అయితే భరోసా ఉంటుంది, కారు అయితే సామానుకు సుఖం.

మొదటిది త్వర. సికిందరాబాదు నుండి శంషాబాదు పోయే బస్సూ, కారూ ఒకే భూమి మీద, ఒకే రద్దీలో పోతాయి. సాయంత్రం ఆరింటికి రోడ్డు గడ్డకట్టినప్పుడు అందులో కారు కూడా గడ్డకట్టే ఉంటుంది. బస్సు స్టాపుల్లో ఆగే నిమిషాలు, బస్సు కోసం ఎదురుచూసే నిమిషాలు – తేడా అంతే. దేశీయ ప్రయాణానికి రెండు గంటలు, విదేశీ ప్రయాణానికి మూడు గంటలు ముందు చేరమని విమానసంస్థలే చెబుతాయి. ఆ లెక్కన బయలుదేరేవాడికి ఆ ఇరవై, ముప్పై నిమిషాలు ప్రాణసంకటం కావు. ఆలస్యంగా నిద్రలేచినవాడికి కారు కూడా తారకమంత్రం కాదు. విమానం తప్పిపోవడానికి కారణం చాలాసార్లు బస్సు కాదు, బయలుదేరిన ముహూర్తం.

రెండవది భరోసా. ఇక్కడే నాకు నవ్వు వస్తుంది. చరవాణిలో కారు పిలిచి చూడండి. మొదట ఫోను మోగుతుంది. “ఎక్కడికి సార్? క్యాషా, ఆన్‌లైనా?” ఈ రెండు ప్రశ్నలకు మన జవాబు నచ్చకపోతే కారు మాయమవుతుంది. తెల్లవారుజామున మూడింటికి ముగ్గురు డ్రైవర్లు వరుసగా రద్దు చేసిన తరువాత, నాలుగవ కారు కోసం తెరమీద కదిలే ఆ బొమ్మకారును కన్నార్పకుండా చూస్తూ వీధిలో నిలబడటాన్ని భరోసా అంటారా? పైగా రద్దీని బట్టి బాడుగ పెరుగుతుంది. ఇది చాటుమాటు వ్యవహారం కూడా కాదు. కేంద్ర రవాణాశాఖ 2020 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు మూల ఛార్జీకి ఒకటిన్నర రెట్ల వరకు తీసుకోవచ్చన్నాయి. 2025 జూలైలో వచ్చిన కొత్తవి రెండు రెట్ల వరకు అనుమతించాయి. సరైన కారణం లేకుండా డ్రైవరు రద్దు చేస్తే జరిమానా ఎంత? ఛార్జీలో పదోవంతు, అదీ వంద రూపాయలకు మించకుండా. విమానం తప్పినవాడి నష్టానికి ప్రభుత్వం వారు కట్టిన వెల వంద రూపాయలు!

ఇంతా చెప్పి డ్రైవరును దోషిగా నిలబెట్టి పోతే అది అర్ధసత్యం అవుతుంది. అతను ఎందుకు రద్దు చేస్తున్నాడు? ముప్పై కిలోమీటర్లు వెళ్లి, అక్కడ తిరుగుప్రయాణం కోసం గంటల తరబడి కాచుకుని, అది దొరకకపోతే ఖాళీగా తన డీజిలుతో తిరిగి రావాలి. వచ్చే బాడుగలో సంస్థ వాటా పోగా మిగిలేది చూసుకుంటాడు. 2024 ఏప్రిల్‌లో ఎండలు మండుతుండగా హైదరాబాదు క్యాబు డ్రైవర్లు “ఈ బాడుగకు ఏసీ వేయలేము” అని ఉద్యమమే చేశారు. ఇటు ప్రయాణికుడికి ఎక్కువ, అటు డ్రైవరుకు తక్కువ. నడుమ కూర్చున్నవాడికి మాత్రం ఏసీ ఆగదు. అటువంటి ఏర్పాటు మీద ఒక నగరం తన విమానాశ్రయ ప్రయాణమంతా ఆధారపెట్టడం వివేకమా?

బస్సు ఈ ప్రశ్నలేవీ వేయదు. నీవెవరు, ఎక్కడికి, సొమ్ము ఎలా ఇస్తావు, తిరిగి వచ్చేటప్పుడు నాకెవరు దొరుకుతారు – ఏవీ అడగదు. వానపడిందని టిక్కెట్టు ధర రెట్టింపు చేయదు. ఎక్కువమంది చేయి చూపితే సంతోషిస్తుందే గాని బేరం పెంచదు. భరోసా అంటే నా నిఘంటువులో అర్థం అది.

హోటళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. రెండేళ్ల క్రిందట నేనూ మా ఇంటావిడా సికిందరాబాదులో ఒక హోటల్లో దిగాము. మరునాడు ఉదయం విమానం. ముందురాత్రి కిందికి దిగి, “విమానాశ్రయం బస్సు ఎక్కడ ఆగుతుంది నాయనా?” అని కౌంటరులో ఉన్న అబ్బాయిని అడిగాను. “ఆ టైములో బస్సులుండవు సార్. మా ట్రావెల్స్ కారు చెప్పమంటారా?” అన్నాడు. చెప్పిన బాడుగ, బయట కారు పిలిస్తే అయ్యేదానికి ఒకటిన్నర రెట్లు. గేటు దగ్గర కాపలా ఉన్న పెద్దమనిషిని అడిగితే, చేయి చాచి బస్సు ఆగేచోటు చూపించాడు. “పొద్దున్నే నాలుగింటికి కూడా పోతుంటాయయ్యగారూ, నేను చూస్తూనే ఉంటా గదా” అన్నాడు. వెళ్లాము, ఎక్కాము, చేరాము. ఆ హోటలు పేరు నాకు గుర్తున్నది; ఇక్కడ దానితో పని లేదు. కౌంటరు అబ్బాయి మీద కూడా నాకు కోపం లేదు. వాడికి నేర్పిన పాఠం వాడు అప్పజెప్పాడు. అయితే బస చేసిన అతిథికి బస్సు లేదని అబద్ధం చెప్పడం ఆతిథ్యం అనిపించుకోదు. గోడ మీద అల్పాహారపు వేళలు అంటించే చోట, బస్సు వేళలు కూడా అంటించడానికి ఒక కాగితం చాలు. ఆ కాగితం ఎందుకు కనబడదో వేరే చెప్పాలా?

మూడవ వాదం సామానుకు సుఖం. ఇది బలమైనది, దీనిని తేలికగా కొట్టిపారవేయను. అమెరికా వెళ్లే తల్లిదండ్రులను చూడండి. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, మనుమరాలికి పట్టులంగా, అల్లుడికి ఇష్టమని పూతరేకులు. ఇంట్లో తూకం వేసి, విప్పి, మళ్లీ సర్ది, మళ్లీ తూచి, కట్టిన పెట్టెలు. ఇద్దరికీ కలిపి 92 కిలోలు, చేతిసంచులు అదనం. డెబ్బైయేళ్ల దంపతులు ఈ బరువుతో బస్సెక్కాలని నేను అనను. కారు ఎక్కండి, హాయిగా ఎక్కండి. పసిపిల్లలతో అర్ధరాత్రి బయలుదేరే ఇల్లాలికీ, కర్రపట్టుకుని నడిచేవారికీ, ఒంట్లో బాగాలేనివారికీ అదే మాట. నలుగురు కలిసి వెళ్తుంటే బస్సు టిక్కెట్లన్నీ కూడినా కారు బాడుగకు దరిదాపుల్లోకి వస్తాయి. అప్పుడు కారు దుబారా కూడా కాదు.

కాని లోకంలో విమానమెక్కేవారందరూ డల్లాసు వెళ్లే తాతగారూ బామ్మగారూనా? దేశంలో తిరిగే విమానాల్లో చాలావాటికి లోపల వేసే సామాను 15 కిలోలు, చేతిసంచీ 7 కిలోలు. చక్రాల పెట్టె ఒకటి, భుజాన సంచీ ఒకటి. ఉద్యోగపు పరీక్షకో, పెళ్లికో, ఆఫీసు పనికో ఒంటరిగా పోయే మనిషి. అతనికి పుష్పక్ బస్సులో సామాను పెట్టుకునే అర ఉన్నది, కూర్చునే సీటు ఉన్నది, చల్లని గాలి ఉన్నది. 2019 నుండి విద్యుత్తుతో నడిచే బస్సులు కూడా వచ్చాయి గనుక పొగ కూడా లేదు. అతను కూడా “సామాను ఉన్నది కదా” అని నలుగురు కూర్చునే కారులో ఒక్కడే కూర్చుని పోతే, ఆ మాట సామాను బరువు చూసి చెప్పినది కాదు. బస్సు దిగితే నామోషీ అని చెప్పినది. తొంభై రెండు కిలోల వారి కష్టాన్ని అడ్డుపెట్టుకుని పదిహేను కిలోల వారు తమ దర్జాను సమర్థించుకోవడం – దీనిని తర్కశాస్త్రంలో ఏమంటారో గాని, మా ఊళ్లో మాత్రం ఒకరి నొప్పికి ఇంకొకరు మూలగటం అంటారు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరకు వస్తాను. ఈ వ్యాసం అతని కోసమే మొదలుపెట్టాను.

నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుండి గల్ఫు దేశాలకు పనికి వెళ్లే యువకులను మీరు శంషాబాదులో చూసే ఉంటారు. రాయచోటి, రాజంపేట వైపు నుండి, గోదావరి జిల్లాల నుండి కువైట్లో ఇంటిపనికి పోయే ఆడవారిని కూడా చూసి ఉంటారు. విమానం ఏ అపరాత్రో. ఊరి నుండి ముందురోజే వచ్చి, నాంపల్లిలోనో సికిందరాబాదులోనో చౌక లాడ్జిలో ఒక గదిలో నలుగురు సర్దుకుంటారు. టిక్కెట్టును బట్టి 20, 30 కిలోల సామాను. తాడుతో కట్టిన అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో పేరు. అతను అప్పు చేసి వీసా కొన్నాడు. మొదటి జీతం చేతికి రావడానికి ఇంకా నెలలున్నాయి. అతనికి నగరం చెప్పే మాట కూడా అదే: “సామాను ఉన్నది కదా, కారు మాట్లాడుకో.” కొత్త మనిషి, దారి తెలియదు, భయం, అడిగినంత ఇస్తాడు. ఆ ఒక్క ప్రయాణానికి అతను ఇచ్చే సొమ్ము, ఊళ్లో అతను ఒకటి రెండు రోజులు ఒళ్లు వంచితే వచ్చే కూలి. బస్సుల్లో ఆడవారికి 2023 డిసెంబరు నుండి తెలంగాణలో ఉచిత ప్రయాణం ఉన్నది, మంచిదే; కాని అది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరంలో మామూలు బస్సులకే. పుష్పక్‌కు వర్తించదు. కువైట్ పోయే ఆ తల్లి తన ఊరి నుండి నగరం దాకా వచ్చినదానికంటె, నగరం నుండి విమానం దాకా పోవడానికి ఎక్కువ ఇవ్వవలసి వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇతడు పంపే డబ్బుతో పల్లెల్లో ఇళ్లు లేచాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యాయి. విదేశీ మారకం గురించి ఉపన్యాసాలిచ్చేవారు అతన్ని దేశానికి వెన్నెముక అంటారు. ఆ వెన్నెముక మీది అట్టపెట్టె బరువును ముప్పై కిలోమీటర్లు మోయడానికి మాత్రం ఒక రైలు లేదు.

ఇది అసాధ్యమైన కోరికా? పొరుగున చెన్నై చూడండి. విమానాశ్రయం ఎదురుగానే తిరుసూలం లోకల్ రైలు స్టేషను. అది చాలదన్నట్లు 2016 సెప్టెంబరులో మెట్రో రైలు విమానాశ్రయం గడపలోకి వచ్చింది. నెల్లూరు నుండి రైల్లో చెన్నై సెంట్రలు చేరిన తెలుగువాడు అక్కడ మెట్రో ఎక్కి విమానం దగ్గర దిగుతాడు. ఢిల్లీలో 2011 ఫిబ్రవరిలోనే విమానాశ్రయానికి ప్రత్యేక రైలు వేశారు. కొన్ని విమానసంస్థల ప్రయాణికులు న్యూఢిల్లీ మెట్రో స్టేషనులోనే పెట్టె అప్పగించి, చేతులూపుకుంటూ రైలెక్కే ఏర్పాటు కూడా చేశారు. గమనించండి: అక్కడ సామానును రైలుకు అడ్డంకి అనుకోలేదు, రైలు చేయవలసిన పని అనుకున్నారు. ఆలోచనలో ఆ ఒక్క మలుపు చాలు.

మనకు ఆ ఆలోచన కొత్త కూడా కాదు. 1932లో ఈ గడ్డ మీద ప్రభుత్వ బస్సు మొదలైనప్పుడు అది నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక శాఖ. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. రైలూ బస్సూ ఒకే గొడుగు కింద పుట్టిన అన్నదమ్ములు. తొంభైయేళ్లు దాటిన తరువాత, ఉందానగరులో రైలు దిగినవాడిని విమానాశ్రయం చేర్చే సంగతిలో ఆ అన్నదమ్ములు ఎదురుబొదురుగా కూర్చుని ఒక కాగితం మీద వేళలు రాసుకోలేరా? కోట్ల అంచనాల మెట్రో వచ్చేదాకా ఆగనక్కరలేదు. రైలు వచ్చే వేళకు ఒక బస్సు నిలబెడితే సగం పని అవుతుంది.

ఇంకొక మాట చెప్పకపోతే వాదం అసంపూర్ణం. సామానుతో బస్సెక్కేవాడికి కష్టమైన దూరం ముప్పై కిలోమీటర్లు కాదు. హోటలు గుమ్మం నుండి బస్సు ఆగేచోటు దాకా ఉన్న మూడు వందల మీటర్లు. చక్రాల పెట్టెను మన కాలిబాట మీద లాగి చూడండి. నాలుగడుగులకు ఒక మెట్టు, ఆరడుగులకు ఒక గుంత, ఆపైన ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన మిర్చిబండి, దాని ముందు నిలిపిన మోటారుసైకిళ్లు. చక్రం కనిపెట్టి వేల సంవత్సరాలైంది గాని, మన కాలిబాట ఇంకా దానికి స్వాగతం చెప్పలేదు. పెట్టె నెత్తికెత్తుకోవలసిందే. పదకొండున్నర కిలోమీటర్లు ఆకాశంలో దారి వేయగలిగిన నగరానికి నేలమీద మూడు వందల మీటర్లు చదును చేయడం చేతకాలేదంటే నమ్మమంటారా? చేతకాక కాదు, ఆ మూడు వందల మీటర్లలో నడిచేవాడు కంటికి ఆనలేదు.

అందుకే మిత్రులకు నా సలహా క్లుప్తంగా చెబుతాను. ఒంటరిగానో, ఇద్దరుగానో ఉండి, మనిషికొక పెట్టె అయితే: లాడ్జి నుండి బస్సు ఆగేచోటుకు ఆటో, అక్కడి నుండి పుష్పక్. ఆటో దూరం తక్కువ గనుక బేరమూ తక్కువే. మూడు వందల మీటర్ల నరకమూ తప్పుతుంది. ముందురోజే బస్సు వేళలు కనుక్కోండి. హోటలువారిని కాక, గేటు దగ్గరి మనిషినో, డిపోవారినో అడగండి. రాత్రివేళ బస్సుల మధ్య ఎడం ఎక్కువ గనుక ఒక బస్సు తప్పినా రెండవది అందేలా బయలుదేరండి. మోయలేని బరువు, పసివారు, వృద్ధులు, అనారోగ్యం ఉంటే కారు. అదీ ముందుగా మాట్లాడుకున్న కారు. అప్పుడు కూడా “అవసరం కనుక ఎక్కాను” అనుకోండి. “సామానున్నవారందరూ ఎక్కవలసినది ఇదే” అని మాత్రం ఇంకొకరికి చెప్పకండి.

ఎందుకంటే ఆ మాట మనం చెప్పిన ప్రతిసారీ బస్సులో ఒక సీటు ఖాళీ అవుతుంది. సీట్లు ఖాళీ అయితే బస్సులు తగ్గుతాయి. బస్సులు తగ్గితే “చూశారా, బస్సులు లేవు, కారే గతి” అనే మాట నిజమవుతుంది. మనకు కారు దొరుకుతుంది, ఫరవాలేదు. తాడుతో కట్టిన అట్టపెట్టె మనిషికి బస్సు పోతుంది. అతనికోసం మనం ఉద్యమాలు చేయనక్కరలేదు. అతనితో పాటు బస్సులో కూర్చుంటే చాలు. పంతులుగారు, ఇంజినీరుగారు, గుమస్తాగారు కూర్చున్న బస్సును రద్దు చేయడానికి ఏ అధికారైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఒట్టి కూలివాళ్లు కూర్చున్న బస్సును రద్దు చేయడానికి ఒక్క సంతకం చాలు. మన సమాజంలో ఇది చేదు నిజం; దీనిని మంచికి వాడుకుందాం.

మీ మీ ఊళ్లలో, మీరు కాపురముండే దూరదేశాల్లో, పెట్టేబేడాతో విమానాశ్రయానికి పోయే మనిషికి ఏ ఏర్పాట్లున్నాయో తెలిసినవారు తప్పక రాయండి. కారే మేలనేవారు కూడా రాయండి, సమాధానం చెబుతాను. అయితే ఒక్క షరతు. రాసేముందు, మీరు చివరిసారి విమానమెక్కినప్పుడు మీ పెట్టె ఎన్ని కిలోలో నిజాయితీగా చెప్పి, ఆ తరువాత వాదం మొదలుపెట్టండి.